ఇంజన్ ఆదాము పోసిన ఆయిలు

మా సంఘంలో ఆదాములు ఇద్దరుండేవారు. ఒకాయన బొగ్గు డిపోలో పనిచేసేవాడు కాబట్టి బొగ్గు ఆదాము. రెండో ఆయన ఇంజన్ ఆదాము. ఈ రెండో ఆయన పేరు ముందున్న ఆ మాటను డిగ్రీలా మోసుకు తిరిగేవాడు. ఎవరైనా ఉత్త ఆదాముగారూ అని పిలిస్తే "ఏ ఆదాము?" అని అడిగి, ఇంజన్ ఆదాము అనిపించుకుని మరీ పలికేవాడు.

కలకత్తా మెటియాబ్రుజ్‌లో దర్జీల మిషన్లు పొద్దస్తమానం చప్పుడు చేసే సందులు దాటి డాక్ గోడ దగ్గరికొస్తే అక్కడ మా తెలుగు ఇళ్లు. భీమిలి, కళింగపట్నం వైపు నుంచి మా తాతలు ఓడ పనికొచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఆదాముగారి తండ్రి సరుకు మోసిన మనిషి. కొడుకు మాత్రం మొయ్యలేదు. గంగ లోతు కొలవడానికి పోర్టువాళ్లు తిప్పే చిన్న పడవ మీద ఇంజను మనిషిగా చేరాడు. పడవ తోకకు తగిలించే ఇంజనది. ఆఫీసరు లోతు చూసే తాడు వదిలినంతసేపూ పడవను ప్రవాహంలో కదలకుండా నిలబెట్టాలి. ఆదాముగారు నిలబెడితే పడవలో టీ గ్లాసు కూడా తొణకదని ఆఫీసర్లు అనేవారట. అనేవారో లేదో మాకు తెలియదు గానీ, అన్నారని ఆయన మాత్రం చాలాసార్లు చెప్పాడు.

ఆ ఇంజనుకు ఉత్త పెట్రోలు పొయ్యకూడదు. పెట్రోల్లో ఆయిలు కలిపి పొయ్యాలి. లోపల తిరిగే ముక్కలకు ఆ కలిసిన ఆయిలే జిడ్డు. అది లేకపోతే ఇంజను వేడెక్కి బిగుసుకుపోతుంది. ఆ కలపడం ఆదాముగారు ప్రార్థన చేసినంత నిష్ఠగా చేసేవాడు. డబ్బాలో ముందు ఆయిలు, దాని మీద పెట్రోలు, మూత బిగించి పసిబిడ్డను ఊపినట్టు ఊపడం. పక్కనున్నవాడు మాట్లాడితే కసిరేవాడు. అప్పట్లో కలకత్తాలో స్కూటర్లూ ఆటోలూ కూడా ఆయిలు కలిపిన పెట్రోలుతోనే నడిచేవి. అంచేత లోకంలో పెట్రోలు తాగే ప్రతి ఇంజనూ ఆయిలు కలిపితేనే బతుకుతుందని ఆయన నమ్మకం. కారు ఇంజనుకు ఆయిలు అడుగున వేరే చోట ఉంటుందని, దాన్ని పెట్రోల్లో కలపకూడదని ఆయనకు చెప్పినవాడు లేడు. ఇంజన్ ఆదాముకు ఇంజను గురించి చెప్పే ధైర్యం ఎవరికుంది? ఆయన అడిగే రకమూ కాదు.

నెల మొదటి ఆదివారం మా చర్చిలో సాక్ష్యాలుంటాయి. దేవుడు తనకు చేసిన మేలు ఎవరైనా లేచి చెప్పొచ్చు. ఆదాముగారు ప్రతిసారీ లేచేవాడు, ప్రతిసారీ ఒకే సాక్ష్యం చెప్పేవాడు. ఒకరోజు తోటి పడవవాడు తొందరలో ఉత్త పెట్రోలు పోశాడు. నది నడిమధ్యలో వాడి ఇంజను బిగుసుకుపోయింది. సరిగ్గా అప్పుడే సముద్రం నుంచి బాన్ వచ్చింది. అంటే ఆటు తిరిగి నీళ్లు గోడలా లేచి నదికి ఎదురు రావడం. ఆదాముగారు తన పడవ అటు తిప్పి, తాడు విసిరి, ముగ్గురిని ఒడ్డుకు లాక్కొచ్చాడు. "దేవుడున్నాడు, ఆయిలూ ఉంది. అందుకే నా ఇంజను ఆగలేదు" అని ముగించేవాడు. మేము ఆమెన్ అనేవాళ్లం. మాకు అది కంఠతా వచ్చేసింది. అయినా ముగ్గురి ప్రాణాలు దక్కిన మాట నిజమే కాబట్టి విసుక్కోవడానికి మొహం చెల్లేది కాదు.

రిటైరైన రోజున పడవ తోటివాళ్లు ఆయనకు దండ వేసి, ఒక ఆయిలు డబ్బా బహుమతిగా ఇచ్చారు. వేళాకోళానికి ఇచ్చి ఉంటారు. ఆయన దాన్ని మంచం కింద అపురూపంగా దాచుకున్నాడు. భార్య కాంతమ్మ ఊడ్చినప్పుడల్లా దాన్ని జరిపి, మళ్లీ అక్కడే పెట్టేది.

ఎర్రజెండాల ప్రభుత్వం వచ్చి పదేళ్లు దాటిన ఆ రోజుల్లోనే ఆదాముగారి అల్లుడు దయారత్నం కారు కొన్నాడు. అతను రైల్వేలో గుమస్తా. మా సంఘంలో అదే మొదటి కారు, కాబట్టి అది పాత ఫియట్ అనే మాట ఎవరూ పైకి అనలేదు. అమ్మినవాడు సోమశేఖర్, మా సంఘం మనిషే, చర్చిలో డోలక్ వాయించేవాడు. ఓడల కంపెనీలో డ్రైవరు పని మానేసి మా సందు మొగలో రిపేరు షెడ్డు పెట్టుకున్నాడు. ఆ కారును తన చేతులతో విప్పి, ఇంజనులో ఆయిలు పైకెక్కకుండా ఆపే రింగులు కొత్తవి వేసి, మళ్లీ బిగించి అమ్మాడు. "నా మాట మీద తీసుకోండి. ఇంజను గొడవ ఒస్తే నన్నడగండి" అని చెప్పి మరీ ఇచ్చాడు. కొత్త షెడ్డుకు ఆ మాటే బోర్డు.

కొత్త బండి కొంటే మావాళ్లు ఆదివారం చర్చి ముందుకు తెస్తారు. పాస్టరుగారు దాని మీద చెయ్యి పెట్టి ప్రార్థిస్తారు. దయారత్నం క్వార్టర్స్ దగ్గర కారు పెట్టే చోటు లేక, శనివారం మావగారి ఇంటి ముందు పెట్టి తాళాలు ఆయనకిచ్చి వెళ్లాడు. ఆదాముగారు కారు చుట్టూ తిరిగాడు. ట్యాంకు మూత తీసి వాసన చూశాడు. ఉత్త పెట్రోలు! కూతురు యూనిస్ రేపు ఇందులోనే కదా కూర్చునేది? గుమస్తాకు ఇవేం తెలుస్తాయి?

మంచం కింద డబ్బా తీశాడు. ఇన్నాళ్లూ దాచింది ఇందుకే అనుకున్నాడు. పాత ఇంజను కదా అని, తన లెక్క కంటే కాస్త ఎక్కువే పోశాడు. కలవాలి కదా, డబ్బాను ఊపినట్టు కారును ఊపడం మొదలుపెట్టాడు. వెనక బంపరు మీద రెండు చేతులూ వేసి, ముందుకూ వెనక్కూ.

కాంతమ్మ గుమ్మంలోకొచ్చి చూసింది. "ఏటి సేస్తన్నారు?"

"జోకొడతన్నాను. లోపలికెల్లు."

అల్లుడికి అప్పుడే చెప్పకూడదనుకున్నాడు. ప్రార్థన అయి, కారు మెత్తగా నడిచాక, అల్లుడు మెచ్చుకుంటుంటే, అప్పుడు నెమ్మదిగా చెప్పాలి. ఆ మాట ఎలా చెప్పాలో కూడా లోపల్లోపల అనుకుని పెట్టుకున్నాడు.

ఆదివారం కారు చర్చి దాకా బాగానే వచ్చింది. అంతకుముందే ఇంజను దాకా చేరిన పెట్రోలు శుభ్రమైనది, ఆ కాస్త దూరానికి అది సరిపోయింది. ఆరాధన అయ్యాక అందరం బయట నిలబడ్డాం. ఆడవాళ్లవి తెల్లచీరలు. పాస్టరుగారు చెయ్యి పెట్టి ప్రార్థించి, "స్టార్ట్ చెయ్యి బాబూ" అన్నారు. దయారత్నం తాళం తిప్పాడు. కాసేపు బాగానే ఉంది. తర్వాత వెనక నుంచి నీలంగా ఒక పొగతీగ వచ్చింది. అతను కంగారుపడి యాక్సిలరేటరు తొక్కాడు. అంతే, తెల్లటి నీలిపొగ సంఘం మొత్తాన్ని కమ్మేసింది. మేము తలో దిక్కుకూ పారిపోయాం, పాస్టరుగారు దగ్గుతూ బైబిలుతో విసురుకున్నారు. కారు గేటు దాటి, తుమ్మినట్టు రెండు మూడుసార్లు కుదిపి, రోడ్డు మీద అడ్డంగా ఆగిపోయింది. వెనక బస్సువాడు హారన్ మోగించడం, కండక్టరు దిగి బెంగాలీలో తిట్టడం, మా మొదటి కారును మేమంతా కలిసి తొయ్యడం!

ఆ పొగలో నిలబడి ఆదాముగారు వాసన పీల్చాడు. తన బతుకంతా పీల్చిన వాసన. పడవ వాసన. అదెక్కణ్ణుంచి వచ్చిందో ఆయనకు ఆ క్షణంలోనే అర్థమైపోయింది.

నోరు తెరిచేలోపే మిగతా అందరూ సోమశేఖర్ వైపు తిరిగారు. కలకత్తాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు, కారు నీలిపొగ వదిలిందంటే ఇంజను అరిగిపోయిందని. పిలిచిన మెకానిక్ ప్లగ్గులు విప్పి, వాటికి పట్టిన నల్లటి జిడ్డు వేలితో తీసి చూపించాడు. "రింగులు పోయాయి దాదా. ఎవరో ముసలి ఇంజనుకు రంగేసి అమ్మారు" అన్నాడు.

సోమశేఖర్ కారు దగ్గరికి రాబోయాడు. "కొత్త రింగులు నానే ఏసినాను. దేవుడి తోడు" అన్నాడు. దయారత్నం అతన్ని కారు ముట్టుకోనివ్వలేదు. పార్టీ ఆఫీసులో పెడతానన్నాడు. ఆ రోజుల్లో కుళాయి దగ్గర తగాదా నుంచి మొగుడూ పెళ్లాల గొడవ దాకా అన్నీ అక్కడే తేలేవి. పరువు వీధిన పడుతుందని సంఘ పెద్ద త్యాగరాజుగారు ఆపి, అందరినీ చర్చి వెనక గదిలో కూర్చోబెట్టాడు. కూర్చోబెట్టి, ఇంజను తెలిసిన మనిషిని తీర్పు అడిగాడు.

"ఆదాముగారూ, మీ కంటే తెలిసినోడు మనలో ఎవడూ లేడు. మీరేటంతారు?"

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. ఆయన చెడ్డవాడు కాడు. ఎదురుగా అల్లుడు, పక్కన పాస్టరుగారు, గోడవారగా తలవంచుకుని సోమశేఖర్. నేను పోశాను అన్న రెండు మాటలే ఆయన అనాల్సింది. బాన్‌కు ఎదురెళ్లిన మనిషికి ఆ రెండు మాటలు నోట్లోంచి పెగల్లేదు.

"పాత ఇంజను కదా," అన్నాడు చివరికి. "పొగ రాకేటి సేస్తాది."

అందులో అబద్ధమనేది వెతికినా దొరకదు. ఆ లౌక్యమే ఆయన్ని తర్వాత తినేసింది. సోమశేఖర్ తలెత్తి ఆయన వైపు ఒక్కసారి చూశాడు. డబ్బు తిరిగిచ్చి కారు వెనక్కి తీసుకున్నాడు.

ఆ తర్వాత సోమశేఖర్ షెడ్డుకు మావాళ్లెవరూ స్కూటరు కూడా తీసుకెళ్లలేదు. అతను డోలక్ వదిలేసి చర్చిలో వెనక బెంచీకి మారాడు. విచిత్రమేమిటంటే కారు మాత్రం కొద్దిరోజుల్లోనే పొగ లేకుండా నడవసాగింది. అరిగిన ఇంజను దానంతటదే బాగుపడదు కదా అని మాలో ఒక్కరం కూడా ఆలోచించలేదు. ఇప్పుడు దొంగచాటుగా రింగులు వేసుంటాడు, అదేదో ముందే వెయ్యొచ్చు కదా అని తీరిగ్గా చెప్పుకున్నాం.

ఆదాముగారికి మాత్రం గౌరవం పెరిగింది. తీర్పు చెప్పిన మనిషి కదా. టీకొట్టు దగ్గర లేచి చోటిచ్చేవారు. ఆ చోటులో కూర్చోలేక ఆయన టీ తాగడమే మానేశాడు. సందు మొగలో షెడ్డు ఉంది కాబట్టి, కూరగాయలకు కూడా డాక్ గోడ చుట్టూ తిరిగి వెళ్లేవాడు. సాక్ష్యాల ఆదివారం వచ్చింది. అలవాటుగా అందరం ఆయన బెంచీ వైపు చూశాం. ఆయన లేవలేదు. వంట్లో బాగోలేదేమో అనుకున్నాం. వంట్లో బాగోలేక కాదు, సిగ్గుతో లేవలేదు.

ఒకరోజు కాంతమ్మ ఊడుస్తూ మంచం కింద డబ్బా జరిపింది. బరువు తగ్గినట్టనిపించి చేత్తో ఎత్తి చూసింది. చీపురు పక్కన పెట్టి ఆయనకెదురుగా కూర్చుంది.

"ఆవేళ బండిని జోకొట్టినారు కదా. ఇందులోదేనా పోసినారు?"

ఆయన డబ్బా అందుకుని మళ్లీ మంచం కిందికి తోసేశాడు.

"సోమశేకరుడి పెళ్లాం నా మొహం సూడ్డం మానీసింది. నీళ్లకాడ పక్కకి తప్పుకుంతంది. నానేటి తప్పు సేసినానో అనుకున్నాను ఇన్నాళ్లూ." కాంతమ్మ డబ్బాను మళ్లీ బయటికి లాగింది. "మనమేనా ఆళ్లని దొంగల్ని సేసింది?"

ఆయన చొక్కా వేసుకుని బయల్దేరాడు. ఈసారి గోడ చుట్టూ తిరగలేదు.

సోమశేఖర్ షెడ్డులో ఖాళీగా కూర్చున్నాడు. ఫియట్ బయట నిలబడి ఉంది. ఆదాముగారు నిలబడే చెప్పేశాడు. "ఆయిలు నానే పోసినాను బాబూ. ఇంజనుకి మంచిదనే పోసినాను."

"తెలుసు మావా."

"తెలుసా?"

"బండి తెచ్చుకున్న రోజునే ట్యాంకులో పెట్రోలు దించీసినాను. వాసనొచ్చింది. మీ ఇంటి ముందే కదా ఉన్నాది. మీరు తప్ప ఎవుడు పోస్తాడు?"

"మరి సెప్పలేదేటి?"

"సెప్తే ఎవుడు నమ్ముతాడు? దొంగతనం సేసి ముసిలాయన మీదకి తోసీసినాడంతారు." సోమశేఖర్ స్పానర్ నేలమీద పడేశాడు. "మీరే సెప్తారనుకున్నాను. ఆవేళ గదిలో మిమ్మల్ని అడిగినప్పుడు కూడా అనుకున్నాను, మావ సెప్తాడులే అని. అప్పటికి నాకు తెలీదు, వాసన సూడలేదు. నా రింగుల మీద నమ్మకంతో, ఇంజను తెలిసిన మనిషి నిజం సెప్తాడనుకున్నాను."

ఆదాముగారు చేతులు జోడించబోయాడు. సోమశేఖర్ వాటిని పట్టుకుని దించేశాడు. కోపంగానే దించాడు.

"నాకు సెప్తే ఏటి లాభం మావా? నాకు తెలిసిందే. తెలీనోళ్లకి సెప్పండి."

మరుసటి సాక్ష్యాల ఆదివారం ఆదాముగారు లేచాడు. మళ్లీ బాన్ కథ అనుకుని మేము సర్దుకుని కూర్చున్నాం. ఆయన బెంచీ పట్టుకుని నిలబడి, ఆయిలు తానే పోశానని, పొగ దానివల్లే వచ్చిందని, అడిగినప్పుడు సిగ్గుపడి దాచానని, సోమశేఖర్ తప్పేమీ లేదని చెప్పాడు. చెప్పి కళ్లు మూసుకుని, రావాల్సిన తిట్ల కోసం నిలబడ్డాడు.

తిట్లు రాలేదు. త్యాగరాజుగారు కళ్లు తుడుచుకున్నాడు. "ఎంత మంచి మనసండీ!" అన్నాడు. "ఆ కుర్రోడి కుటుంబం నలిగిపోతంటే సూడలేక, తప్పు తన నెత్తినేసుకుంతన్నారు."

ఆడవాళ్ల వైపు నుంచి స్తోత్రం, స్తోత్రం అన్నారు. పాస్టరుగారు, క్రీస్తు కూడా ఇతరుల తప్పు మోశాడు కదా అని ఏదో అందుకోబోయారు. ఇంజన్ ఆదాము ఇంజను చెడగొట్టడమేమిటి? నమ్మేవాడెవడు? ఆదాముగారు కళ్లు తెరిచి మా మొహాలు చూశాడు. ప్రేమతో మెరుస్తున్న మొహాలు. అంత అవమానం ఆయనకు జన్మలో జరగలేదు.

"కాదు!" అని అరిచాడు. చర్చిలో అలా అరిచినవాణ్ణి మేము చూడలేదు. "నా మాట నమ్మరా? రండి, సూపిస్తాను!"

చర్చి నుంచి సందు మొగకు ఎంతో దూరం లేదు. ఆయన ముందు నడిచాడు, వెనక మేమంతా. షెడ్డు ముందు ఫియట్ ఉంది. ఆయన సోమశేఖర్ వైపు చూశాడు. బాగుచేసుకున్న బండిని మళ్లీ పాడుచెయ్యమని ఏ నోటితో అడుగుతాడు? సోమశేఖర్ ఒక్క క్షణం ఆగి, తనే వెళ్లి ట్యాంకు మూత తీశాడు. అప్పుడు గుర్తొచ్చింది ఆదాముగారికి, చేతిలో ఆయిలు లేదని.

జనం మధ్య నుంచి కాంతమ్మ వచ్చింది. ఎప్పుడు ఇంటికి వెళ్లిందో, డబ్బా కొంగులో పెట్టుకుని తెచ్చింది. "ఇదిగో," అంది. "మిగిలింది."

ఆయన పోశాడు. చుక్క మిగలకుండా పోశాడు. తర్వాత వెనక బంపరు మీద చేతులు వేసి కారును ఊపాడు, ముందుకూ వెనక్కూ. ఎవరూ నవ్వలేదు. సోమశేఖర్ తాళం తిప్పాడు.

ఇంజను చక్కగా పలికింది. పొగ లేదు. త్యాగరాజుగారు మా వైపు తిరిగి, చూశారా, నేను చెప్పలేదూ అన్నట్టు తలాడించాడు. ఆదాముగారు అటు చూడలేదు. పొగ గొట్టం దగ్గరికెళ్లి దానికెదురుగా నిలబడ్డాడు. జీవితంలో మొదటిసారి ఒక ఇంజను చెడిపోవాలని ప్రార్థించాడని తర్వాత కాంతమ్మ చెప్పింది.

ముందు నీలంగా ఒక తీగ వచ్చింది. ఆ తర్వాత పొగ. ఆయన పాదాలు, పంచె, ఆదివారం చొక్కా, చివరికి మొహం కూడా కనబడలేదు. దగ్గు మాత్రం వినబడింది. పోయిన్సారి మేమంతా పారిపోయాం. ఈసారి కదలడానికి మాకు కాళ్లు రాలేదు, సోమశేఖర్ వైపు చూడ్డానికి కళ్లూ రాలేదు. దయారత్నమే వెళ్లి మావగారి చెయ్యి పట్టుకుని బయటికి లాగాడు. ఏదో అనబోయి, సోమశేఖర్‌ని చూసి, తలదించుకున్నాడు.

సోమశేఖర్ ఇంజను ఆపి కిందికి దిగాడు. ఎవరినీ పలకరించలేదు. రబ్బరు గొట్టం, ఖాళీ డబ్బా తెచ్చి, గొట్టం కొస ఆదాముగారికి అందించాడు.

"పీల్చండి మావా. ట్యాంకు దించాలి."

ఆదాముగారు మోకాళ్ల మీద కూర్చుని గొట్టం నోట్లో పెట్టుకున్నాడు. పెట్రోలు నోటినిండా వచ్చింది. ఉమ్మేసి, మళ్లీ పట్టుకున్నాడు.

డోలక్ మళ్లీ మోగడానికి చాలా రోజులు పట్టింది. సోమశేఖర్ తనంతట తనకు మనసైనప్పుడే వచ్చాడు, మేము అడగ్గానే కాదు. అడగడానికి మా మొహాలూ అంత బాగోలేవు. ఆదాముగారు రోజూ పొద్దున్న షెడ్డుకు వెళ్లి ప్లగ్గులు తుడిచేవాడు. సాక్ష్యానికి మళ్లీ లేవలేదు. మావాళ్ల నాలుకలు ఊరుకోవు కదా, కొద్దిరోజుల్లోనే ఆయనకు కొత్త పేరు పెట్టేశారు. ఆ పేరు వినబడితే కాంతమ్మ చీపురు పట్టుకుని వెంటపడేది. ఆయన మాత్రం, ఎవరైనా గుమ్మంలో నిలబడి ఆదాముగారూ అని పిలిస్తే, పాత అలవాటు కొద్దీ "ఏ ఆదాము?" అని అడిగేవాడు. వచ్చినవాడు నసిగేవాడు.

"పొగ ఆదామేనా?" అని ఆయనే అందించేవాడు. "నానే. రా, లోపలికి రా."